పెరటి మన్నుతో కాపురము

మన ప్రాంతములందు ఇంటిస్థలము కొనువారు ముందుగా అడుగు ప్రశ్నలు మూడు. వీధి యెన్ని అడుగుల వెడల్పు? సెంటు వెల యెంత? తూర్పుముఖమా, ఉత్తరముఖమా? ఈ మూడింటికిని నచ్చిన సమాధానము దొరకినచో బయానా యిచ్చి యింటికి వత్తురు. అడుగున నున్న మన్ను ఎట్టిదని ప్రశ్నించినవారిని మేమింతవఱకు ఒక్కరినైనను చూడలేదు. స్త్రీలు అడుగుదురేమో యన్న, ఆ స్థలమునకు మనలను తీసికొనిపోవునది రిజిస్ట్రేషను ముగిసిన పిమ్మట, కొబ్బరికాయ కొట్టునాడు! కాని సోదరీమణులారా, ఆ మన్నుతో నిత్యము కాపురము చేయువారము మనమే. బావినీరు తోడునది మనము. వానకాలమున మరుగుదొడ్డి పొంగిననాడు ముక్కు మూసికొని నీళ్లు కొట్టునది మనము. గోడ బీటవాఱినచో ఆ బీటమీద క్యాలెండరు తగిలించునది మనము. ఆనపపాదు ఎండినందుకు అత్తగారిచే మాట పడునదియు మనమే.

మా చోడవరము 2022 ఏప్రిలు 4వ తేదీవఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది. నాటినుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మాఱినను మన్ను మాఱలేదు. వాయవ్యమున మాడుగుల కొండలున్నవి. అచ్చటి గెడ్డలు పెద్దేరువంటి యేళ్లలో గూడి, తుదకు శారదానదిలో కలిసి, అనకాపల్లి మీదుగా సముద్రమునకు పోవును. కొండదిగువ మెట్టలలో ఎఱ్ఱనేల. గెడ్డలయొడ్డున ఇసుకపాలు హెచ్చైన ఒండ్రు. చెఱువుల క్రింది పల్లములలో కాలికంటుకొని చెప్పులను లాగుకొను జిగటమన్ను. ఈ తూర్పుకనుమల రాతికి భూగర్భశాస్త్రజ్ఞులు ఖొండలైటని పేరు పెట్టిరి. ఆ కొండలలో నివసించు ఖోందుల పేరే ఆ రాతికి వచ్చినది. అందులోని ఇనుము తుప్పుపట్టుటచేతనే మన మెట్టలు ఎఱ్ఱనైనవి. తుప్పు పట్టిన చట్రమునకును మన పెరటి మన్నునకును రంగొక్కటియే యగుట వింత కాదు.

ఈ మూడువిధముల మన్నును ఒక్కొక్క వీధిలోనే కానవచ్చును. ఎగువ యింటివారు పలుగు విఱుగునంత గట్టినేలలో పునాది తీయుచుండగా, దిగువ యింటివారి పునాదిలో నీరు ఊఱుచుండును. ఇప్పుడు మఱియొక చిక్కు వచ్చినది. పల్లపు వరిమళ్లను కొని, కొండనుండి గ్రావెలు తోలించి, చదునుచేసి, తెల్లరాళ్లు పాతి లేఅవుటులుగా అమ్ముచున్నారు. పైన రెండడుగులు ఎఱ్ఱమన్ను. క్రింద నల్లని బంక. పైమన్ను చూచి "మంచి మెట్టనేల" యని మురియరాదు. వానకాలమున ఆ ప్రక్క పొలములో తుంగ మొలచుచున్నదా, కప్పలు అఱచుచున్నవా యని చూచిన చాలును, నిజము బయటపడును.

మన్ను గుణము కనుగొనుటకు యంత్రములక్కఱలేదు. పిండి కలుపుట యెఱిగిన చేతులు చాలును. జానెడు లోతునుండి పిడికెడు మన్ను తీసి, రాళ్లు ఏఱి, నీళ్లు చిలుకరించి, చేగోడీల పిండివలె మర్దించి, వ్రేలిమందమున త్రాడు చేసి చుట్టచుట్టవలయును. చేగోడీవలె పగులక చుట్టుకొన్నచో అది బంకమన్ను. త్రాడై, చుట్టునపుడు పగిలినచో గరపనేల. త్రాడే కాక రాలిపోయినచో ఇసుకనేల. ఇంకను సందేహమున్నచో గాజుసీసాలో మూడవవంతు మన్ను పోసి, నీరు నింపి, బాగుగా గిలకరించి గూటిలో పెట్టవలయును. ఇసుక నిమిషములో అడుగునకు దిగును. ఒండ్రు కొన్ని గంటలలో దానిపై పేరుకొనును. బంక మఱునాటికిగాని తేరుకొనదు. మూడు పొరలను కంటితో చూచి లెక్క కట్టుకొనవచ్చును. పిల్లలకు ఇది మంచి ఆట. మా యింట ఒక ఆదివారమున ఎనిమిది సీసాలు గూటిలో చేరి, పచ్చళ్లకు చోటు లేకపోయినది.

మన పూర్వులు ఈ విషయమున అజ్ఞానులు కారు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయమున రెండు పరీక్షలు చెప్పినాడు. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద ఆ గ్రంథము చదువుకొంటిమి. స్థలము నడుమ మూరెడు గొయ్యి త్రవ్వి, తీసిన మన్నునే మఱల నింపవలయును. మన్ను మిగిలినచో ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలకున్నచో ఇల్లు కట్టదగదు. ఇక రెండవది: గోతిని నీటితో నింపి, నూఱడుగులు నడచి, తిరిగివచ్చి చూడవలయును, నీరు తఱుగకున్నచో శ్రేష్ఠము. ఇందు శకునమేమియు లేదు. గట్టిగా అణగియున్న నేలను త్రవ్విన మన్ను గుల్లబాఱి గోతిలో పట్టక మిగులును. పూడ్చిన నేలయైనచో లోపల బోలుగా నుండి, మన్ను చాలకపోవును. ఆ అధ్యాయమునందే మన్ను రంగును బట్టి యే వర్ణమువారు ఎచట నుండవలెనో చెప్పిన మాటలను మేము ప్రక్కకు పెట్టుదుము. ఎఱ్ఱమన్నునకు మనుష్యుల కులముతో పని లేదు.

కాని రెండవ పరీక్షను కొంచెము నిలిచి చూడవలసియున్నది. నీరు ఇంకని నేల గోడలకు శ్రేష్ఠమనుకొందము. ఆ నేలలోనే మనము మరుగుదొడ్డి గొయ్యి తీసినచో? నీరింకని నేలలో మురికినీరు మాత్రము ఎట్లింకును? వరాహమిహిరుని పరీక్ష మురికినీటి గోతికొఱకు చెప్పినది కాదు. నేడు మన మూడుసెంట్ల పెరటిమన్ను నాలుగు పనులు చేయవలసియున్నది: ఇంటిని మోయవలయును, మంచినీరీయవలయును, మురికినీరు త్రాగవలయును, కూరమొక్కలను పెంచవలయును. ఒక పనికి మేలైన మన్ను మఱియొక పనికి కీడైనది. పెరటి చిక్కులన్నియు ఇచ్చటనే పుట్టుచున్నవి.

ముందుగా గోడల సంగతి. గట్టి గ్రావెలునేల ఇంటిని తల్లివలె మోయును. అచ్చట శత్రువు చెదపురుగు. పునాది తీసినపుడే చెదలమందు కొట్టింపక, ద్వారబంధము తినివేసిన పిమ్మట కొట్టించుట దండుగ. ఇసుకనేల చెదరిపోకుండ కట్టుబడి చేసినచో బాగుగనే మోయును. బంకమన్నుతోనే తంటా. అది వానకాలమున నీరు త్రాగి ఉబ్బును, వేసవిలో ఆఱి కుదించుకొని నెఱ్ఱెలు వాఱును. ఇంటి నడుమ మన్ను నీడపట్టున నుండి కదలదు. అంచులమన్ను మాత్రము ఏటేట లేచి దిగుచుండును. అందుచేత గోడమూలలలో, కిటికీల క్రింద, మెట్లవలె ఏటవాలు బీటలు పుట్టును. సిమెంటు పూసి కప్పినను మఱుసటి వేసవికి అవి మఱల కనబడును. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకు అడుగున గంటవలె విప్పారిన స్తంభములను రూపొందించిరి. ఉబ్బు పొరను దాటి క్రింద కదలనిచోట అవి ఊని నిలుచును. ఖర్చు కొంచెము హెచ్చు. కాని గోడలు తిరుగకట్టుటకంటె తక్కువ. అంత వెచ్చింపలేనివారు ఇంటిచుట్టును మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా చపటా వేయించి, చూరునీరు పునాదిచెంత పడకుండ గొట్టముతో దూరముగా పంపుట మంచిది. బంకనేలలో గోడచెంత రావి, మఱ్ఱి, వేప వంటి పెద్దచెట్లను పెంచరాదు. వేసవిలో వాటి వేళ్లు పునాది క్రింది తేమను పీల్చివేయును.

బెల్లపునీరు, కరక్కాయనీరు పోసి గానుగాడిన సున్నముతో కట్టిన పాత యిండ్లు మా యూరిచుట్టుపట్ల ఇంకను కొన్ని నిలిచియున్నవి. సున్నము కొంత వంగును, సిమెంటు వంగక పగులును. ఇది పాతకాలమును పొగడుటకు చెప్పుట కాదు. ఆ యిండ్లలోని చీకటి వంటగదులలో మాకు కాపురము చేయవలెనని లేదు.

ఇక గొయ్యి, బావి. ఇదియే ప్రాణముతో పనిగల భాగము. మా వీధిచివర నొక చెల్లెలు ఇల్లు కట్టుకొనుచుండగా మేము చూడబోయితిమి. మేస్త్రి సిమెంటు వరలు దింపించుచున్నాడు.

"ఎన్ని వరలు, మేస్త్రీ?" యని యడిగితిమి.

"పదిహేను దింపేత్తానమ్మా. ఇరవయ్యేళ్లు మూత తియ్యక్కర్లేదు."

"బావిలో నీరెన్ని వరల లోతున నున్నది?"

"వానాకాలమా, ఎండాకాలమా అమ్మా?"

"వానాకాలము."

"పది, పదకొండు దగ్గర తగులుద్ది."

"అయితే మీ గొయ్యి నాలుగు వరలు బావినీటిలోనే మునిగియుండునన్నమాట!"

మేస్త్రి తలగోకుకొని, "అందరూ ఇలాగే కట్టించుకుంటారమ్మా" అన్నాడు. అతడు అబద్ధమాడలేదు. అందఱును అట్లే కట్టించుకొనుచున్నారు. లోతు హెచ్చైనకొలది మంచిదను నమ్మకము మన యూళ్లలో వేళ్లూనినది. నిజమునకు మురికినీటిని శుద్ధిచేయునది గొయ్యి కాదు, గోతికిని భూజలమునకును నడుమనున్న ఎండుమన్ను. గాలి చొరబడు ఆ మన్నులో క్రిములు చిక్కి నశించును. గొయ్యి నీటినంటినచో ఆ జల్లెడయే లేకుండ పోయినది. 1854లో లండను నగరపు సోహోపేటలో కలరా చెలరేగి 616 మంది చనిపోయినపుడు, డాక్టరు జాన్ స్నో దాని మూలము ఒక బావి పంపని చూపినాడు. పిదప త్రవ్వి చూడగా, ఇటుకలు శిథిలమైన మురికిగొయ్యి యొకటి ఆ బావికి మూడడుగులలోపుననే బయటపడినది.

దూరమెంత యుండవలయును? అది మన్నునుబట్టి యుండును. జంటగోతుల మరుగుదొడ్డికి, సన్నని మన్నై, గోతియడుగునకును నీటిమట్టమునకును నడుమ 2 మీటర్లున్నచో బావికి 3 మీటర్లు చాలునని లెక్క. ముతక యిసుకనేలయైనచో 10 మీటర్లు. సెప్టిక్ ట్యాంకునుండి వచ్చు నీటి ఇంకుడుగుంతకు భారత ప్రమాణములు 18 మీటర్లు విధించినవి. అనగా దాదాపు అఱువది యడుగులు. మూడుసెంట్ల స్థలములో ఆ దూరమెచ్చట నున్నది?

ఇచ్చట మన వాస్తు కొత్తచిక్కు తెచ్చినది. బావి ఈశాన్యమున, మరుగుదొడ్డి గొయ్యి వాయవ్యమున నుండవలెనని మన మేస్త్రుల వాడుక. ఒంటరియింటికి ఇది చక్కని యేర్పాటే, రెండింటికిని దూరముండును. కాని వరుసయిండ్లలో మన ఈశాన్యపుమూల తూర్పు పొరుగువారి వాయవ్యపుమూలను తాకుచుండును గదా! గోడకు ఈవల మన బావి, ఆవల వారి గొయ్యి. నడుమ ఆఱడుగులైనను ఉండదు. మేమెఱిగిన యొక యింట ఇద్దఱు పసివారికి ఒకే వానకాలమున మూడుమాఱులు విరేచనములు పట్టుకొన్నవి. తల్లి పాలసీసాను, పెరుగును, దిష్టిని అనుమానించినది. కడకు ఆరోగ్యకార్యకర్త వచ్చి గోడమీదుగా తొంగిచూచి బావినీరు మానిపించినది. రెండిండ్లవారును వాస్తు తప్పలేదు.

కావున గొయ్యి తీయుటకు ముందు మన పటము కాక పొరుగువారి పటము చూడవలయును. వీధిలోని యిల్లాండ్రు కలసి, బావులన్నియు పెరటివైపున, గోతులన్నియు వీధివైపున నుండునట్లు ఒప్పందము చేసికొన్నచో దూరము దానంతట అదియే వచ్చును. అది కుదరనిచోట త్రాగుటకు కుళాయినీరే వాడి, బావిని బట్టలకును మొక్కలకును విడిచివేయుట మేలు. కాచి త్రాగుదుమందురేమో. కాచినచో క్రిములు చచ్చును. గోతులనుండి వచ్చు నైట్రేటు మాత్రము పోదు, నీరిగిరినకొలది చిక్కబడును కూడ. లీటరునకు 45 మిల్లీగ్రాములు మించిన నైట్రేటు నీటితో కలిపిన పోతపాలు నెలలపిల్లల రక్తమునకు హాని చేయును.

నేల నీరు త్రాగునో లేదో చూచుటకు మన పూర్వుల గొయ్యియే నేటికిని పనికివచ్చును. నూఱడుగుల నడకకు బదులు గడియారము కావలయును. ఇంకుడుగుంత వేయదలచిన లోతున చిన్నగొయ్యి తీసి, సాయంత్రము నీటితో నింపి రాత్రియంతయు నాననిచ్చి, మఱునాడు మఱల నీరు పోసి, అంగుళము తగ్గుటకు ఎంతసేపు పట్టునో చూడవలయును. 30 నిమిషములలోపున తగ్గినచో ఇంకుడుగుంత చాలును. 30 మొదలు 60 వఱకైనచో గుంత పనికిరాదు. కంకర పఱచిన పొడవైన కాలువలు కావలయును. 60 దాటినచో ఆ నేల మురికినీరు త్రాగదు. ఈ పరీక్ష భాద్రపదమున చేయుట మంచిది. వైశాఖమున నెఱ్ఱెలువాఱిన బంకనేలయు గటగట త్రాగును. ఆ చూపు చూచి కట్టించినవారి యింటనే వినాయకచవితినాటికి దొడ్డి పొంగును.

బంకనేలలో, నీరు పైనున్నచోట, గోతిని లోతుగా గాక సగము నేలపైకి లేపి, చుట్టును మన్ను ఎగదోసి కట్టుదురు. ముతక యిసుకలో గోతిచుట్టును అర మీటరు మందమున సన్నని యిసుక పోసి, అడుగు మూసివేయుదురు. సామాన్యముగా మన గరపనేలలకు జంటగోతులే తగినవి. అయిదాఱుగురి కుటుంబమునకు మీటరు చుట్టుప్రక్కల లోతు చాలును. ఇటుకలను సందులు విడిచి పేర్చుదురు. ఒకటి నిండగానే రెండవదానికి మళ్లించి, మొదటిదానిని రెండేండ్లు కదల్పక విడిచినచో లోపలిది వాసన లేని పొడిమన్నగును. నమ్మనివారికి ఒక ముచ్చట: 2017 ఫిబ్రవరిలో తెలంగాణములోని గంగదేవిపల్లెలో కేంద్ర పారిశుద్ధ్యశాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యరుగారు స్వయముగా అట్టి గోతిలో దిగి, చేతితో ఆ యెరువు తీసి చూపినారు. సెప్టిక్ ట్యాంకు సంగతి వేఱు. అది మురికిని సగమే శుద్ధిచేయును. బయటికి వచ్చు నీరు చూచుటకు తేరినట్లున్నను క్రిములతో నిండియుండును. దానిని వీధికాలువలోనికి వదలి "మాది ట్యాంకు" అని గొప్పలు పోవువారున్నారు. ట్యాంకు నిండిననాడు యంత్రపులారీనే పిలువవలయును. అందులోని విషవాయువు క్షణములో ప్రాణము తీయును. రక్షణసామగ్రి లేక మనిషిని దింపుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము.

కూరతోటకు ఈ పాట్లు లేవు. మన్నును కొంత మార్చుకొనవచ్చును. ఎఱ్ఱనేలలో కుళ్లిన ఆకు, అలము తక్కువ, నీరు నిలువదు, ఆఱినపుడు పైన పెంకు కట్టి మొలకను లేవనీయదు. ఏటేట పశువులయెరువు, రాలిన యాకు త్రవ్వి కలిపి, పైన చెఱకుచెత్త కప్పినచో రెండుమూడేండ్లలో గుల్లబాఱును. చెఱకు పండు మా ప్రాంతమున ఆ చెత్తకు కొదువలేదు; పొలములో తగులబెట్టుట చూచినపుడెల్ల మా ప్రాణము ఉసూరుమనును. కరివేప, మునగ, నిమ్మ, సీతాఫలము ఎఱ్ఱనేలకు చుట్టములు. మునగకు వేరున నీరు నిలిచినచో కుళ్లును. బంకనేలవారు దానిని దిబ్బమీద నాటవలయును. వారు అరటి, చేమ పెట్టుకొన్నచో స్నానపునీటితోనే పెరుగును. చవిటినేలవారి బాధ వేఱు. చౌడులో పండిన చెఱకునుండి దిగిన బెల్లము సైతము ఉప్పదనముతో ఉండి మెత్తబడిపోవును. ఇక మరుగుదొడ్డి ఇంకుడుగుంతపై ఆకుకూరలు, ముల్లంగి, కంద వేయరాదు. అరటిగాని, మెట్టతామరగాని నాటవలయును.

ఎరువుల దుకాణమువారి మాట వినుటకు ముందు మన్ను పరీక్ష చేయించుట మంచిది. 1913లో నెలకొన్న అనకాపల్లి పరిశోధనాస్థానము చెఱకునకు పేరుపొందినది. రైతుల పొలములకు 2015 నుండి భూసారపత్రములిచ్చుచున్నారు. పెరటిమన్నైనను తీయు పద్ధతి యదియే. ఎరువు కుప్పచెంత గాక, ఏడెనిమిదిచోట్ల జానెడేసి లోతున, పారతో 'వి' ఆకారముగా గొయ్యి తీసి, ప్రక్కనుండి పలుచని పొరను గీచి, అంతయు గోనెపై కలిపి, నాలుగు భాగములుచేసి ఎదురెదురు రెండింటిని పాఱవేయుచు, అరకిలో మిగులువఱకు అట్లే చేయుదురు. దానిని ఎండలో గాక నీడలో ఆఱబెట్టి, గుడ్డసంచిలో కట్టి, చీటీ ఒకటి లోపల, ఒకటి పైన పెట్టవలయును. ఆ సంచికి ఎరువులసంచి ముక్కను మాత్రము వాడరాదు. సంచికంటిన యెరువుపొడి మన్నులో కలిసి లెక్క తప్పును.